చివరి ఓవర్ చూడని మామ

అలిపిరి దారిలో సాయంత్రాలు మేం చేరే టీ అంగడి ఒకటుంది. టీ ఏమంత గొప్పగా ఉండదు. గోడకు పెద్ద టీవీ ఉంది, అందుకని వెళతాం. మొన్న మ్యాచ్ మొదలు కావడానికి ఇంకా టైముంది కదా అని, మైదానంలో కూర్చుని చూసిన ఆటల్లో ఎవరికి ఏది బాగా గుర్తుందో చెప్పుకుందామని మా లెక్కల మాస్టారు ప్రతిపాదించాడు. తన కథ ముందు చెప్పుకోవడానికే ఆ ప్రతిపాదన. చెన్నైలో తెల్లవారకముందే లైన్లో నిలబడి టికెట్టు కొన్న కథ అది. అందులో ఒక సిక్సర్ వస్తుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఆ బంతి పై అంతస్తులో ఎక్కడో పడింది. ఏటా కొంచెం కొంచెం కిందికి దిగుతూ వచ్చి మొన్నటికి ఆయన ఒళ్ళోనే పడింది.

తరువాత మా బీమా ఏజెంటు బెంగళూరు కథ చెప్పాడు. ఆ రోజంతా వాన. ఒక్క బంతి కూడా పడలేదు. కానీ పెవిలియన్‌లో ఒక పెద్ద ఆటగాడు అరటిపండు తినడం కళ్ళారా చూశాడట. "అంత దగ్గర్నుంచి ఎవురు సూసినారప్పా?" అన్నాడు. నిజమే, ఎవరూ చూడలేదు.

నా వంతు వచ్చింది. "నగరిలో" అన్నాను.

"నగరిలో స్టేడియం యాడుండాది సార్?" అని ఏజెంటు నవ్వాడు.

స్టేడియం లేదు. మగ్గాల షెడ్ల వెనక ఒక ఖాళీ జాగా ఉంది. నేను ఆ ముందురోజే నగరిలో మామ కర్మక్రియలకు వెళ్ళి తిరిగి వచ్చాను. ఇంకో ఆట గురించి మాట్లాడటానికి నోరు రాలేదు.

ఆయన నాకు వరసకు మామ కాదు. ఊళ్ళో ఎవరికీ వరసకు మామ కాదు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా మామా అనే పిలిచేవాళ్ళు. ఒక పేరు ఉండేది, రేషను కార్డులో. నేను నగరి బడిలో పనిచేసిన రోజుల్లో వాళ్ళ ఇంటి పక్కనే అద్దెకుండేవాణ్ణి. బడిపంతులుని కాబట్టి నన్ను ఆయన "ఐవోరా" అనేవాడు. ఆ పిలుపు మూడు వీధుల అవతలికి వినిపించేది. పుట్టినప్పటి నుంచీ మగ్గాల చప్పుడులో బతికిన మనిషి, గొంతు తగ్గించడం అనే విద్య ఆయనకు పట్టుబడలేదు. నాకు రహస్యం చెప్పాలని చెవి దగ్గరకు వస్తే, ఎదురింటివాళ్ళు అరుగు మీదకు వచ్చి నిలబడేవాళ్ళు.

నగరిలో అప్పుడు క్రికెట్ ఎప్పుడు ఆడతారంటే, కరెంటు పోయినప్పుడు. ఇది బయటివాళ్ళకు చెబితే నమ్మరు. ఊరంతా మరమగ్గాలు. కరెంటు ఉన్నంతసేపూ మనిషి మగ్గం దగ్గరే. వారానికోరోజు కరెంటు కోత పెట్టేవాళ్ళు. ఆ రోజు ఊరు ఒక్కసారిగా మూగబోయేది, చెవుల్లో ఏదో తక్కువైనట్టు ఉండేది, అందరూ షెడ్లలోంచి బయటకు వచ్చి ఒకరినొకరు కొత్తగా చూసుకునేవాళ్ళు. అదే మా ఆటరోజు. ఆడేవాళ్ళూ నేతగాళ్ళే, చూసేవాళ్ళూ నేతగాళ్ళే. చిక్కల్లా ఏమిటంటే, కరెంటు పొద్దుగూకే దాకా రాదని చెప్పేవాళ్ళు, దానికి మనసు పుట్టినప్పుడు అది వచ్చేది. వచ్చిందంటే మొదట ఒక షెడ్డులో టకటక మొదలవుతుంది. తరువాత పక్క షెడ్డు. రెప్పపాటులో ఊరంతా దడదడ. మైదానం చుట్టూ ఉన్న జనం లుంగీలు ఎగగట్టి పరుగు. నేసిన గుడ్డకే కూలి మరి, కూర్చున్నందుకు ఎవరిస్తారు?

మామ కూడా పరిగెత్తాల్సినవాడే. కానీ ఆయన పరిగెత్తేవాడు కాదు, వెనక్కి నడిచేవాడు. ముఖం ఆట వైపు, వీపు షెడ్డు వైపు. చివరి క్షణం దాకా ఎంత కనబడితే అంత చూసుకుంటూ, చేతులు వెనక తడుముకుంటూ, మైదానం దాటి, రోడ్డు దాటి, సందులోకి మాయమయ్యేవాడు. ఆ టైముకు దారిలో సైకిళ్ళు పక్కకు తీసిపెట్టేవాళ్ళు. ఒకసారి కాలవలో పడ్డాడు. లేచి నిలబడి, మోకాళ్ళ దాకా బురదతోనే, "ఆ బాలు ఏమయినాదిరా?" అని అడిగాడు.

అలా ఎన్నేళ్ళు చూసినా ఆయన ఒక్క మ్యాచ్ కూడా చివరిదాకా చూసి ఎరగడు. మనిషికి ఉన్న ఒకే ఒక్క కోరిక అది. ఇల్లు కట్టాలనో, బండి కొనాలనో ఆయన అనగా నేను వినలేదు. "ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఆఖరు బంతి దాకా సూడాల ఐవోరా. సూసి, నిదానంగా లేసి, లుంగీ దులుపుకోని, ముందుకు నడుసుకుంటా ఇంటికి పోవాల" అనేవాడు.

మైదానంలో ఆయన చోటు ఒక్కటే. నేతలో తేడా వచ్చి షావుకారు వద్దన్న లుంగీ గుడ్డ ఒకటి తెచ్చి పరిచేవాడు. పక్కన ఉడకబెట్టిన శెనక్కాయల సంచి. మొదటి వికెట్ పడేదాకా అందులో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఎందుకని అడిగితే, "నియమం" అనేవాడు. ఎవరు పెట్టిన నియమమో చెప్పేవాడు కాదు. మా ఓపెనర్లు బాగా ఆడుతున్న రోజు చుట్టూ కూర్చున్న మావాళ్ళే వాళ్ళను తిట్టుకునేవాళ్ళు. ఒకసారి మా కుర్రవాడు ఫోర్ కొడితే నా వెనక ఎవరో బాధగా, "ఈడు ఇప్పట్లో పోయేటట్టు లేడే" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఆట ముగింపును షెడ్డుకు చేర్చే పని నాది. నాకు మగ్గం లేదు కాబట్టి చివరిదాకా కూర్చునే సావకాశం ఉండేది. మ్యాచ్ అయిపోగానే నేరుగా వెళ్ళి ఆయన షెడ్డు కిటికీ బయట నిలబడేవాణ్ణి. లోపల ఆ చప్పుడులో అరిచినా మాట వినపడదు. నగరిలో షెడ్లలో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందన్నా, టీ వచ్చిందన్నా, షావుకారు వస్తున్నాడన్నా అన్నిటికీ సైగలున్నాయి. మామా అత్తా ఇంట్లో పోట్లాడుకోవడం కూడా చేతులతోనే. అత్త వంటింట్లో నిలబడి రెండు చేతులూ తిప్పిందంటే నాకు ఇవతలి నుంచే భయం వేసేది. ఆ సైగల్లో నేను కిటికీ బయట చివరి ఓవర్ అంతా ఆడి చూపించేవాణ్ణి. ఆయన చేతులు మగ్గం మీద, కళ్ళు నా మీద.

ఆయనకు నేను తెచ్చే ముగింపులు ఏనాడూ నచ్చలేదు. మావాడు సున్నాకి అవుటయ్యాడని చూపిస్తే తల అడ్డంగా ఊపేవాడు. కాదు, మళ్ళీ చూపించు. నేను మళ్ళీ అదే చూపించేవాణ్ణి. నా మీద జాలిపడి పనిలో పడేవాడు. మర్నాడు పొద్దున టీ అంగట్లో ఆ మ్యాచ్ ముగింపు ఆయన నోట వినాలి. నేను తెచ్చింది ఎక్కడా ఉండేది కాదు. అవుటయినవాడు సిక్సర్ కొట్టేవాడు, జారవిడిచిన క్యాచ్ ఒంటిచేత్తో అందేది, ఒకసారి కుక్క కూడా బంతిని ఆపింది. చివరిదాకా చూసినవాళ్ళు చుట్టూ కూర్చుని నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

ఒకరోజు ఆ సిక్సర్ కొట్టినవాడే అక్కడున్నాడు. మొహమాటంగా, "నేను అవుటయినా కదా మామా?" అన్నాడు.

"నీకేం తెలుస్తాది రా? ఆడేటోడు బంతిని సూసుకుంటా ఉంటాడు. ఆట సూసేది మేము" అన్నాడు మామ.

వాడు కాసేపు ఆలోచించి, "అయ్యుండచ్చు" అన్నాడు. ఇప్పుడు వాడు తన పిల్లలకు ఆ సిక్సర్ గురించి చెబుతున్నాడు. నేను విన్నాను.

ఇక పలమనేరు మ్యాచ్. ఆ ఏడు ఫైనల్‌కు పలమనేరు జట్టు వచ్చింది. చల్లటి ఊరివాళ్ళు, మా ఎండకు బస్సు దిగుతూనే ఎర్రబడిపోయారు. పాల క్యానుల నిండా మజ్జిగ తెచ్చుకున్నారు. వాళ్ళ కెప్టెను ఆవులు మేపుకునే మనిషి, ఇంత మీసం. మామ ఈసారి పట్టు పట్టాడు. ఏమైనా సరే చివరిదాకా చూడాలి. వారం ముందు నుంచీ అత్తను బతిమాలాడు. కరెంటు వస్తే ఆ ఒక్కరోజు ఆయన మగ్గం ఆమె నడపాలి. ఆమె సగం రోజు ఆలోచించి ఒప్పుకుంది. బదులుగా ఆయన అలిపిరి నుంచి కొండకు ఆమెతో నడిచి రావాలి, దారి పొడుగునా క్రికెట్ మాట ఎత్తకూడదు. ఈ రెండో షరతు దగ్గర ఆయన చాలాసేపు బేరమాడాడు. దారి చివర్లో వచ్చే మోకాళ్ళ పర్వతం దాకా ఎత్తనని, ఆ తరువాత ఎత్తుతానని రాజీ కుదిరింది.

ఆ రోజు ఆట నిజంగానే బాగుంది. చివరి ఓవర్‌కు వచ్చేసరికి పలమనేరు గెలవడానికి తొమ్మిది పరుగులు కావాలి. బ్యాటు పట్టుకుని ఆ మీసాల కెప్టెనే ఉన్నాడు. మా ఎడమచేతి బౌలరు బంతిని లుంగీకి రుద్దుకుంటూ వెనక్కి నడుస్తున్నాడు. అప్పుడు మొదలైంది, టక్ మని ఒక షెడ్డులో. తరువాత ఊరంతా.

జనం లేచారు. అది మామూలే. కానీ ఆ రోజు జనంతో పాటు మా ఫీల్డర్లు కూడా పరిగెత్తారు. మధ్యాహ్నం నుంచి ఆడుతున్నారు, ఆ వారం అంతా కరెంటు సరిగ్గా లేదు, ఇంట్లో గుడ్డ సగంలో ఉంది. వాళ్ళను ఏమంటాం? వికెట్ కీపర్ గ్లోవ్స్‌తోనే పరుగు. బౌలరు రన్నప్ మొదలుపెట్టాడు, మిగిలిన కొద్దిమందిమీ ముందుకు వంగాం. వాడు వికెట్ల దాకా వచ్చి, ఆగకుండా, అంపైర్‌ను దాటి, బ్యాట్స్‌మన్‌ను దాటి, అదే ఊపులో షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. బంతి వాడి చేతిలోనే ఉంది.

మైదానంలో ఇద్దరు పలమనేరు బ్యాట్స్‌మన్లు, మా బడి డ్రిల్లు మాస్టారు అంపైరు, ఒడ్డున మిగతా పలమనేరువాళ్ళూ నేనూ. గుడ్డ మీద మామ. జీవితంలో మొదటిసారి ఆయన కదలకుండా కూర్చున్నాడు, కూర్చున్నప్పుడు చూడటానికి అక్కడ ఆటే లేదు. ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. తరువాత నవ్వినందుకు సిగ్గేసింది.

కెప్టెను అంపైర్ దగ్గరకు వచ్చి, "మీవోళ్ళు ఆట ఇడిసిపెట్టి పోయినారు సార్. మేం గెలిసినట్టే కదా?" అన్నాడు. డ్రిల్లు మాస్టారికి రూల్సన్నీ తెలుసు, ఇది మాత్రం రూల్సులో లేదు. విజిల్ చేతిలో పట్టుకుని ఆకాశం చూశాడు.

మామ లేచి వాళ్ళ మధ్యకు వెళ్ళాడు. "ఏమప్పా, నీకు ఆవులుండాయి కదా?"

"ఉండాయి."

"పాలు పితికే పొద్దుకి అయి అరస్తా ఉంటే, నువ్వు బ్యాటు పట్టుకోని ఈడ నిలబడతావా?"

కెప్టెను బ్యాటు చంకలో పెట్టుకున్నాడు.

"మా ఆవులు అరస్తా ఉండాయి, ఇను" అని మామ షెడ్ల వైపు చెయ్యి చూపించాడు. ఆ దడదడలో కెప్టెను చెవి పెట్టి విన్నాడు. మీసం కదిలింది. తరువాత గట్టిగా నవ్వాడు. "సరే పెద్దాయనా. ఆ ఓవరు అట్టే ఉండనీ. ఇంకోసారి వొస్తాం, ఆడి తేల్చుకుందాం" అన్నాడు. మిగిలిన మజ్జిగంతా మామకు పోసి బస్సెక్కాడు.

మామ కొండకు నడిచి వెళ్ళి మాట చెల్లించుకున్నాడు. వాళ్ళు మాత్రం రాలేదు. ఏడాది తిరగకముందే కరెంటు కోతలు పోయాయి. రాత్రీ పగలూ కరెంటే. ఊరంతా సంతోషించింది, ఒక్క మామ తప్ప. "ఆటరోజు లేకుండా సేసినారు కదబ్బా. ఈ కరెంటోళ్ళకి ఉన్నట్టుండి ఈ బుద్ధి యాడినుంచి వొచ్చినాదో" అని వాపోయేవాడు. కరెంటు బాగా వస్తోందని బాధపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. జట్టు చెదిరిపోయింది. నాకు ఏర్పేడు దగ్గరి బడికి బదిలీ కావడంతో తిరుపతికి మారాను.

అప్పుడప్పుడూ వెళ్ళి మామను చూసి వచ్చేవాణ్ణి. చూపు పూర్తిగా ఉన్నా చెవులు దాదాపు పోయాయి. అది ఆయనకు పెద్ద లోటుగా అనిపించినట్టు లేదు. పాత మ్యాచ్‌లన్నీ కొత్త ముగింపులతో చెప్పేవాడు. పలమనేరు మ్యాచ్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆగిపోయేవాడు. "ఇదేమయినాదో మీరే చెప్పచ్చు కదా మామా, అన్నిటికీ చెప్పినట్టు" అని ఒకసారి చేతులతో అడిగాను.

"తప్పు ఐవోరా. అయ్యన్నీ నేను లేసి వొచ్చేసినవి. ఇది నేను కూసున్న మ్యాచ్. దీనికి కత కట్టకూడదు. సూడాల్సిందే."

ప్రతి వేసవికీ ఎవరిచేతనో పలమనేరుకు ఫోన్ చేయించేవాడట. వచ్చే నెల వస్తామని కెప్టెను అనేవాడట. మామ పోయే ముందు వారం కూడా చేయించాడని అత్త చెప్పింది.

కర్మక్రియల రోజు మేం భోజనాలకు కూర్చునే వేళకు ఒక జీపు వచ్చి ఆగింది. ఇంత మీసం, అంతా తెల్లబడింది. వెనక పాల క్యాను నిండా మజ్జిగ. కెప్టెను మామ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. విస్తరి ముందు కూర్చోమంటే కూర్చోలేదు. అత్త దగ్గరకు వెళ్ళి తల వంచుకుని, "ఆ ఓవరు ఆడకుండా నాకు ముద్ద దిగదు తల్లీ" అన్నాడు.

చావింట్లో క్రికెట్ ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. అత్త ముఖం తుడుచుకుని, "ఆడండి నాయనా. ఆయనే ఉంటే మిమ్మల్ని ఇంతసేపు ఊరికే ఉండనిచ్చేవాడా?" అంది.

జాగాలో సగం ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు, మిగతా సగం చాలింది. బంతి అంగట్లో కొన్నాం. మా ఎడమచేతి బౌలరుకు పొట్ట వచ్చింది, రన్నప్ నాలుగడుగులకు కుదించుకున్నాడు. కీపర్‌కు మోకాలు వంగదు, నిలబడే కీపింగ్. రెండో బ్యాట్స్‌మన్ బెంగళూరులో ఉన్నాడంటే అతని బదులు జీపు డ్రైవర్ నిలబడ్డాడు. డ్రిల్లు మాస్టారు విజిల్ ఇంటి నుంచి తెప్పించుకున్నాడు. మధ్యాహ్నం వడలూ పాయసమూ తిన్న ఫీల్డర్లు ఎక్కడివాళ్ళక్కడ నీడ చూసుకుని నిలబడ్డారు. బంతి తమ వైపు రాకూడదని అందరి మొక్కు.

మొదటి బంతికి రెండు పరుగులు. రెండోది తగల్లేదు. మూడోది వంటవాళ్ళు కడిగి బోర్లించిన గుండిగకు ఖంగున తగిలింది. ఫోర్. నాలుగు, ఐదు బంతులకు పరుగు వచ్చేదే, కానీ డ్రైవర్‌కు బ్యాటింగ్ ఇవ్వడం ఇష్టం లేక కెప్టెను కదల్లేదు. చివరి బంతికి మూడు కావాలి. చుట్టూ షెడ్లలో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి, మామ మగ్గం తప్ప. బౌలరు బంతిని పంచెకు రుద్దుకున్నాడు. నేను మామ గుడ్డ పరిచే చోటు వైపు చూశాను. అక్కడ ఎవరిదో లారీ టైరు ఉంది. నాకు ఏడుపొచ్చింది.

లేచాను. ఆ బంతి చూస్తే, చూసిందే చెప్పాల్సి వస్తుంది. నేను తెచ్చిన నిజాలు ఆయనకు ఏనాడూ నచ్చలేదు. ముఖం ఆట వైపు పెట్టి, చేతులు వెనక తడుముకుంటూ, జాగా దాటి, రోడ్డు దాటి, వెనక్కి నడిచి సందు మలుపు తిరిగాను. ఒక సైకిలుకు తగిలాను. ఇప్పుడు పక్కకు తీసేవాళ్ళు లేరు.

షెడ్డు కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. లోపల ఆగిన మగ్గం పక్కన అత్త ఒక్కతే కూర్చుని ఉంది. పక్క షెడ్ల చప్పుడుకు మాట వినపడదు. నన్ను చూసి చెయ్యి తిప్పింది, ఏమైంది? ఆయన కూర్చునే చోటు చూస్తూ ఆ చివరి బంతి మొత్తం చేతులతో ఆడి చూపించాను. అత్త నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వెనక జాగాలో అరుపులు లేచాయో లేదో మగ్గాల మోతలో నాకు తెలియలేదు. ఎవరినీ అడగకుండా బస్సెక్కేశాను.

ఇదంతా నేను చెప్పేసరికి టీ అంగడి టీవీలో మ్యాచ్ మొదలై చాలాసేపయింది, ఎవరూ అటు చూడటం లేదు. లెక్కల మాస్టారు ఉండబట్టలేక, "ఇంతకీ ఎవురు గెలిసినారు సార్? మీరు ఆఖరు బంతి సూళ్ళేదంటిరే?" అన్నాడు.

"సూళ్ళేదు, లేసి వొచ్చేసినాను. అందుకే నాకు బాగా తెలుసు" అన్నాను. ఇంకో టీ చెప్పి, చేతులు తుడుచుకుని, చివరి బంతి మొదలుపెట్టాను.